ఒంటి మీద ఉన్నట్టే తెలియని కోటు

నిర్మల్ నుంచి భైంసాకు పోయే తోవలో, వానాకాలం వచ్చిందంటే సగం ఊళ్లు సర్కారుకు కనబడకుండా పోతాయి. వాగులు పొంగి వాటిని నాలుగు నెలలు దాచిపెడతాయి. ఆ నాలుగు నెలల్లో ఆ ఊళ్లకు పోగలిగేవి రెండే: ఒకటి చలిజ్వరం, రెండు సక్కుబాయి. మొదటిది పిలవకుండా పోతుంది, రెండోది పిలిస్తే పోతుంది. తేడా అంతే.

సక్కుబాయి సర్కారు దవాఖానలో కాన్పులు చేసే నర్సు. కాగితాల్లో ఆమె హోదా మిడ్‌వైఫ్ అని ఉంది కాని, ఆ మాటను తడబడకుండా పలకగలిగినవాడు కంపౌండరు రామచంద్రం ఒక్కడే. అతనూ పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చిన రోజునే పలుకుతాడు. జనానికి ఆమె నర్సుబాయి. పుట్టిల్లు భైంసా పక్కన. అందుకే ఇంట్లో మరాఠీ, దవాఖానలో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. పదిహేడేళ్లకు పెళ్లయింది, పంతొమ్మిదేళ్లకు బొట్టు పోయింది, ఇరవై ఒకటికి హైదరాబాదులో కాన్పుల చదువుకు కుదిరింది. చదువు మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్ స్టేట్, నౌకరీ పర్మనెంటు అయ్యేసరికి ఆంధ్రప్రదేశ్. సర్కార్లు మారినా పిల్లలు మాత్రం పాత పద్ధతిలోనే పుడుతున్నారని ఆమె గమనించింది.

పదేళ్లలో ఆమె ఎన్ని కాన్పులు చేసిందో దవాఖాన రిజిస్టరు చెబుతుంది. ఎన్నింటికి ఆలస్యంగా చేరిందో రిజిస్టరులో ఉండదు. అది ఆమెకే తెలుసు. ఒక్కటి.

కిందటేడు, అరవై ఒకటిలో, వానలు జోరందుకున్న పుష్యమి కార్తెలో కంచరాయి నుంచి పిలుపు వచ్చింది. కంచరాయి వాగుకు అవతల ఉంటుంది. కురుమల ఊరు, మనుషుల కంటే గొర్లు ఎక్కువ. రాయమల్లు భార్య యాదవ్వకు తొలి కాన్పు. సక్కుబాయి మందుల పెట్టె సర్దుకుని, సర్కారు కోటు తొడుక్కుని బయలుదేరింది.

ఈ సర్కారు కోటును గురించి కొంత చెప్పక తప్పదు. ఏ యుద్ధంలోనో ఏ సిపాయి కోసమో కుట్టిన రబ్బరు కోటు అది. యుద్ధం అయిపోయింది, సిపాయి ఇంటికి పోయాడు, కోటు మాత్రం మా జిల్లా దవాఖానకు బదిలీ అయింది. ఆరడుగుల మగవాడి కొలత. సక్కుబాయి ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. మిగిలిన పొడవంతా నేల ఊడ్చడానికి పనికివచ్చేది. అది తొడుక్కుంటే వాన లోపలికి రాదు, చెమట బయటికి పోదు. మనిషి తడవడం ఖాయం. ఎవరి నీళ్లతో తడిసిందన్నదే తేడా.

వాగులో ఆనాడు తొడల్లోతు నీళ్లు. నాలుగడుగులు వేసేసరికి కోటు అంచుల కింద నీళ్లు దూరి, అది వడ్ల గుమ్మిలాగా ఉబ్బి, ఆమెను ఎత్తి పడేసింది. పెట్టె మునిగింది. రెండు బారలు కొట్టుకుపోయి, తుమ్మకొమ్మ చేతికందితే పట్టుకుని ఇవతలి ఒడ్డుకే వచ్చి పడింది. మళ్లీ దిగడానికి ధైర్యం చాలలేదు. వాగు కొంచెం తగ్గేదాకా ఒక చేని గుడిసెలో కూర్చుంది. ఒక జాము కూర్చుంది, అంతే. కంచరాయి చేరేసరికి పిల్లవాడు పుట్టాడు. పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుని, నేరేడుపండు రంగులో, ఊపిరి అనే సంగతే ఎరగకుండా పుట్టాడు.

ఎవరూ తిట్టలేదు. యాదవ్వ అత్త బాలవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి, "తోవల బాగ కష్టమైనట్టున్నది బిడ్డా. కాళ్లు కడుక్కో," అన్నది. తిడితే ఎదురు చెప్పవచ్చు. వాగు పొంగిందనవచ్చు, కోటు పడేసిందనవచ్చు. కాళ్లకు నీళ్లిచ్చిన మనిషికి ఏం చెబుతాం?

కంచరాయిలో ఒక ఏర్పాటుంది. వానలు పడగానే మందలు అడవికి పోతాయి, పంటలు కోసి చేలు ఖాళీ అయ్యాక దీపావళికి తిరిగొస్తాయి. మగవాళ్లూ మందలతోనే. కాబట్టి ఆ ఊళ్లో పిల్లలు సాధారణంగా దీపావళికి తొమ్మిది నెలలు కలిపి మళ్లీ పుష్యమి కార్తెలోనే, అంటే వాగు పూర్తి బలంతో ఉన్నప్పుడే భూమ్మీద పడతారు. ఉగాదికి బాలవ్వ దవాఖానకు వచ్చి, యాదవ్వకు మళ్లీ ఐదో నెల అని చెప్పినప్పుడు సక్కుబాయి వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. పుష్యమే.

"గీసారి జర ముందుగాల కబురంపుతం బాయీ," అన్నది బాలవ్వ.

ఆనాటి నుంచి సక్కుబాయికి ఒకటే రంధి పట్టుకుంది. వానలో ఏం కప్పుకుని పోవాలి?

చూస్తే చిన్న సంగతి. దేశంలో పంచవర్ష ప్రణాళికలు నడుస్తున్నాయి, ఆనకట్టలు లేస్తున్నాయి. ఒక ఆడమనిషి ఒంటికి వాన తగలకుండా, అడుగుకు బరువు కాకుండా, వాగులో పడేయకుండా ఉండే ఒక గుడ్డ గురించి ఆలోచించడానికి ఏ కమిటీ లేదు. అందుకని సక్కుబాయే కమిటీ అయింది.

మొదట గొంగడి. గొంగడి ఉత్తమం, అందులో వాదం లేదు. ఎండకు, చలికి, వానకు, పడుకోవడానికి, పెళ్లిలో కూర్చోవడానికి కూడా అదే. పైగా గొంగడికి అంటు లేదు, మైల లేదు. పురిటింట్లోకి పోయినా, చావింట్లోకి పోయినా దులిపి భుజాన వేసుకుని రావచ్చు. తక్కిన ఏ బట్టయినా సరే, పురిటింటి గడప దాటి లోపలికి పోయిందా, చాకలి చేతికి పోవలసిందే. సక్కుబాయి చీరెలు పదేళ్లుగా ఊరూరి చాకలి బానల్లో చౌడుమట్టితో ఉడికి ఉడికి, తాము ఏ రంగులో పుట్టామో మరిచిపోయాయి. గొంగడితో ఆ బాధ లేదు. కాని తడిసేకొద్దీ బరువెక్కుతుంది; బయలుదేరినప్పుడు గొంగడి మేకపిల్ల, సగం తోవకు మేక, వాగు దిగేసరికి దున్నపోతు. దున్నపోతును నెత్తిన పెట్టుకుని వాగు దాటడం యముడికే చేతకాదు.

తర్వాత గొడుగు. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో లోతు చూసే కర్ర. గొడుగుకు మూడో చేయి కావాలి. ఎక్కువ చేతులన్నీ దేవతలు తమకే ఉంచుకున్నారు.

నాట్లేసే ఆడవాళ్లు వీపున వేసుకునే టేకాకుల తడక ఒకటుంది. వంగి పనిచేసేవాళ్లకు అది మంచిది. నిలబడి గాలికి ఎదురు నడిస్తే మనిషి గాలిపటం.

ఈ ఆలోచనలు విని రామచంద్రం చాలా నొచ్చుకున్నాడు. "సర్కారు కోటు ఉండంగ వేరే కోటు ఏంది బాయీ? నువ్వు సంతకం వెట్టి తీస్కున్నవు. కోటును కాదంటివంటే సర్కారును కాదన్నట్టే."

"సర్కారు ఎన్నడన్న వాగు దాటిందా రామచంద్రం?"

"గది నేనెట్ల చెప్త?"

"మరి నువ్వే తొడుక్కొని ఒకసారి దాటి రా. నేను పెట్టె పట్టుకొని ఒడ్డు మీద నిలవడ్త."

రామచంద్రం ఆ రోజు మాత్రలు లెక్కపెట్టడంలో మునిగిపోయాడు.

మృగశిర కార్తె ప్రవేశించిన మూడో నాడు సక్కుబాయి బస్సెక్కి భైంసా పోయింది. పత్తి మిల్లుల వీధి చివర చాంద్‌పాషా దుకాణం. టోపీలు, గొడుగులు, చేతిసంచులు, బొంబాయి నుంచి పత్తి షావుకార్ల లారీల్లో తిరుగుదారిన వచ్చే కొత్త కొత్త వస్తువులు అతని దగ్గర దొరుకుతాయి. చాంద్‌పాషా పెద్ద కూతురికి కాన్పు చేసింది సక్కుబాయే. అందుకని ఆమెకు స్టూలు వేశాడు, చాయ్ తెప్పించాడు, ధర మాత్రం తగ్గించనని ముఖంలోనే రాసుకున్నాడు.

"ప్లాస్టిక్ కోటు బాయీ. జర పట్టి చూడు. వజనే లేదు. మడిస్తే జేబుల వడ్తది. ఒంటి మీద ఉన్నట్టే తెల్వది." అన్నిటికంటే పొడుగైనది తీసి, ఆమె ముందు పరిచాడు. మడమల దాకా ఉంది. "మోటార్ సైకిల్ సాబులు తొడిగేది. దామ్ అంతే, మాల్ ఎక్కువ."

"మాల్ ఎక్కువైతె వాగు ఎక్కువ పట్టుకుంటది. మోకాళ్ల మీదికి ఉన్నది తియ్యి."

"పొట్టిది చిన్న పిల్లలకు బాయీ!"

"నేను పెద్దదాన్నని ఎవడు చెప్పిండు నీకు? తియ్యి."

తీశాడు. పొగ రంగుది, మోకాలికి జానెడు పైకి ఉంది, తలకు టోపీ దానికే కుట్టి ఉంది. సక్కుబాయి తొడుక్కుంది. ఆమె కట్టేది కాసె పోసిన తొమ్మిది గజాల చీరె కాబట్టి కాలు చాపి నడవడానికి అడ్డం లేదు. పెట్టెను లోపల చంకలో పెట్టుకుని గుండీలు పెట్టింది. పెట్టె పట్టింది. కూర్చుంది, లేచింది, రెండు చేతులూ పైకెత్తింది. తర్వాత దుకాణం దిగి మిల్లు గేటు దాకా పరుగులాంటి నడకతో పోయి తిరిగి వచ్చింది. ఎండ కాస్తోంది. వాన కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తే వితంతువును చూసి పత్తి బండ్ల వాళ్లు బండ్లు ఆపారు.

"సర్కస్ వచ్చినట్టుంది," అన్నాడొకడు.

"నీ పెండ్లానికి నొప్పులొచ్చిన్నాడు గిట్లనే ఉరికొస్త తియ్యి," అన్నది సక్కుబాయి ఆగకుండా. బండి కదిలింది.

"చెంబెడు నీళ్లు తే పాషా. నెత్తి మీద పొయ్యి."

"తోబా తోబా. ఔరత్ నెత్తి మీద నేను నీళ్లు పోసుడేంది?"

"వానకు లేని సిగ్గు నీకెందుకు? పొయ్యి."

పోశాడు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. కాని సక్కుబాయి మొహం మాడ్చుకుంది. టోపీ చెవుల మీద నిలిచి చిటపటమంటోంది.

"గిది మోగుతుంది పాషా. చెవులు మూస్తే వాగు ఎక్కడ గుండమున్నదో, ఎక్కడ రాళ్ల మీద పారుతున్నదో వినబడది. నేను కండ్లతోని వాగు దాటనయ్యా, చెవులతోని దాటుత."

చాంద్‌పాషాకు ఇది కొత్త ఫిర్యాదు. టోపీని వెనక్కి మడిచి, రెండు గుండీలు కుట్టించి, కావలసినప్పుడు వెనక్కి పెట్టుకునేట్టు చేయించాడు. సగం నెల జీతం తీసుకుని, చాయ్ డబ్బులు తీసుకోలేదు. "దువా చెయ్యి బాయీ," అన్నాడు.

"నువ్వే చెయ్యి. నాకు గా వాగు దాటుడే దువా."

ఆ తర్వాత ఆమె ఆ కోటును ఒక్కసారి కూడా తొడగలేదు. ఆరుద్ర కురిసింది, పునర్వసు కురిసింది. దగ్గరి ఊళ్లకు పాత గొంగడిలోనే పోయి వచ్చింది. కోటు మడత నలగకుండా పెట్టె మీద ఉండేది. అప్పుడప్పుడు తీసి చూసేది. అది ఇంకా వజను లేకుండానే ఉందా అని.

పుష్యమి కార్తె నాలుగో రోజు పొద్దున్నే రాయమల్లు వచ్చాడు. ఈ ఏడు అతను అడవికి పోలేదు, మందను తమ్ముడి చేతికి అప్పగించి ఇంటి దగ్గరే ఉన్నాడు. నీళ్లు కారుతున్న గొంగడితో గుమ్మంలో నిలబడి, "బాయీ, నొప్పులు వట్టినయ్. వాగు నడుముల దాక ఉన్నది. నేను దాటుకుంట వచ్చిన," అన్నాడు. అతను అననిది, నిరుటి సంగతి, ఆమెకు వినబడింది.

ఐదు నిమిషాల్లో ఆమె తోవలో ఉంది. మగవాడైన రాయమల్లు వెనకబడ్డాడు. అతని గొంగడి అప్పటికే మేక దాటి దున్నపోతు దశకు చేరుతోంది. "జర నిమ్మలంగ బాయీ!" అని అరిచాడు. ఆమె నిమ్మళించలేదు.

వాగు దగ్గర టోపీ వెనక్కి మడిచి, గుండీలు పెట్టి, నిలబడి విన్నది. వాన ముఖం మీద కొడుతోంది. కుడివైపు హోరు మందంగా ఉంది, అక్కడ గుండం. ఎడమవైపు గలగలమంటోంది, అక్కడ రాళ్లు. ఎడమవైపు దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. పొట్టి కోటు అంచును ముందే పైకి దోపి ముడి వేసింది కాబట్టి వాగుకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. పెట్టెను మెడ దాకా ఎత్తుకుంది. మధ్యలో ఒకసారి కాలు జారింది, అప్పటికి వెనకే వచ్చి అందుకున్న రాయమల్లు కర్ర అందించాడు. అవతలి ఒడ్డెక్కి వెనక్కి చూడకుండా నడిచింది. కిందటేడు కూర్చున్న గుడిసె ఆ వెనకటి ఒడ్డునే ఉంది.

ఇంటి ముందు బాలవ్వ నిలబడి ఉంది. లోపలి నుంచి యాదవ్వ గొంతు బయటికి వస్తోంది. ఆ గొంతు వినడంతోనే కాన్పు ఏ ఘడియకు వచ్చిందో సక్కుబాయికి తెలిసిపోయింది. ఎప్పుడైనా పైన కప్పుకున్నది చూరుకు తగిలించి లోపలికి పోవడం ఆమె అలవాటు. గొంగడైతే బరువు దించుకోవాలనిపిస్తుంది, రబ్బరు కోటైతే విడిపించుకోవాలనిపిస్తుంది. ఇది అట్లా కాదు. చాంద్‌పాషా అబద్ధం చెప్పలేదు. ఒంటి మీద కోటు ఉందన్న సంగతే ఆమెకు తెలియలేదు. దానితోనే గడప దాటి పురిటింట్లోకి పోయింది.

పేగు ఈసారి కూడా మెడకు చుట్టుకుని ఉంది. ఒక్క చుట్టే. తల బయటికి రాగానే వేలు దూర్చి, చుట్టు తప్పించింది. కోటు చేతులకు అడ్డం వస్తే అప్పుడు గుర్తొచ్చి, విప్పి మూలకు విసిరింది. పిల్లవాడు బయటపడ్డాడు. ఏడవలేదు. కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తింది, వీపు మీద తట్టింది, నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది, మళ్లీ తట్టింది. బాలవ్వ గోడకు ఆనుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. యాదవ్వ, "ఏమాయె? ఏమాయె అత్తా? మాట్లాడవేందే!" అంటోంది.

అప్పుడు వాడు ఏడ్చాడు. తనను పడుకోనివ్వని వాళ్ల మీద కోపంతో ఏడ్చాడు.

బాలవ్వ చేతులు తీసింది. బయటికి పోయి, చాలాసేపటికి వేడినీళ్లతో వచ్చింది.

వాగు ఆ సాయంత్రం తగ్గలేదు. సక్కుబాయి అక్కడే ఉండిపోయింది. మరునాడు పొద్దున బయలుదేరడానికి లేచి చూస్తే మూల ఖాళీగా ఉంది.

"బాలవ్వా, నా కోటేది?"

"ఏం కోటు?"

"గా పొగ రంగుది. మూలకు ఏసిన."

బాలవ్వ వాకిలి వైపు చూసింది. అప్పుడే వాకిట్లో చాకలి శంకరవ్వ నిలబడి ఉంది. పురిటింటి బట్టలన్నీ ఉతికి మూట కట్టి తెచ్చింది. మూట పక్కన మోదుగాకులో ఏదో ఉంది. ఆమె కళ్లు నేల చూస్తున్నాయి.

"నేను కావాలని చెయ్యలే బాయీ. పురిటింట్ల ఉన్న బట్ట, అన్నిటితోని బానల వేసిన. చౌడు వేసి ఉడకవెట్టిన. తీసి చూస్తె గిట్లయింది. నా బతుకుల గసొంటి బట్టను చూడలే. ఉడికితే తెల్లగైతదనుకున్న."

ఆకు విప్పింది. పిడికెడు ముద్ద. పొగ రంగు. అందులో రెండు గుండీలు కళ్లలాగా సక్కుబాయిని చూస్తున్నాయి.

సక్కుబాయికి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. శంకరవ్వ చేసిన దాంట్లో తప్పేముంది? పదేళ్లుగా తన చీరెలకు చేసినట్టే చేసింది. గొంగడి కానిది ఏదైనా బానలో పడాలి. అది ధర్మం. బొంబాయిలో కోట్లు చేసేవాళ్లకు కంచరాయి ధర్మం తెలియకపోవడం ఎవరి తప్పు? కాని పుష్యమి ఇంకా పది రోజులుంది, తర్వాత ఆశ్లేష ఉంది. వాగవతలి ఊళ్లలో ఇంకా ముగ్గురు ఆడవాళ్లు రోజులు లెక్కపెడుతున్నారు. బయట వాన ఏ ఫికరూ లేకుండా పడుతోంది.

"నీకేం కాదు పో శంకరవ్వా," అన్నది. "గట్టి కోటైతే తట్టుకోకపోవునా?"

"పురిటింట్ల చెడింది బయటికి పోవద్దు," అన్నది బాలవ్వ. కొడుకును పిలిచి, మాయను పాతిపెట్టిన గుంతలోనే ఆ ముద్దనూ పాతిపెట్టించింది. సగం నెల జీతం అట్లా సకల మర్యాదలతో మట్టిలో కలిసింది.

సక్కుబాయి పెట్టె చంకన పెట్టుకుని చూరు కింద నిలబడింది. బాలవ్వ లోపలికి పోయి దూలం మీది నుంచి ఏదో దించుకుని వచ్చింది. దుమ్ము దులిపింది. చిన్న గొంగడి. మూడు మూరలుంటుందేమో. నల్లగా, మెత్తగా ఉంది. పిల్లల కోసం గొర్రెపిల్లల తొలి బొచ్చుతో నేస్తారు అట్లాంటిది.

"గిది కప్పుకొని పో బిడ్డా."

"పిల్లగానిది కదా. వానికి ఉండనీ."

"వానిది కాదు." బాలవ్వ గొంతు మామూలుగానే ఉంది. "వానికి వాళ్ల బాపు కొత్తది నేస్తుండు. గిది నిరుటిది. అప్పటోనికి నేసింది. కప్పనేలే. గిది వీనికి కప్పద్దు, ఇంట్ల ఉంచబుద్ధి కాదు, పారెయ్య చేతులు రావు. నీ నెత్తికి, భుజాలకు సరిపోతది. వజను లేదు చూడు."

సక్కుబాయి చేతులు చాపింది. నిజమే, వజను లేదు.

తల మీద కొప్పెరగా మడిచి వేసుకుని, మెడ కింద బిగించింది. భుజాలు, పెట్టె, ఛాతీ మూసింది. అంతకన్నా కిందికి రాలేదు. వాగు దగ్గరకు వచ్చేసరికి తడిసి కొంచెం బరువెక్కింది, మేకపిల్లంత. చెవుల మీద ఉన్నా వాగు వినబడుతూనే ఉంది. ఉన్ని మోగదు. ఆ ఏడు మిగిలిన ముగ్గురి దగ్గరికీ దానితోనే పోయింది, వేళకే పోయింది. సర్కారు కోటును రామచంద్రం రసీదు రాసుకుని వెనక్కి తీసుకున్నాడు.

అటు తర్వాత ఆరు వానాకాలాలు సక్కుబాయి ఆ చిన్న గొంగడిలోనే తిరిగింది. బరువైనవి బయట విప్పడం సరే, ఈ తేలికదాని విషయంలో మాత్రం జనానికి ఆమె అర్థం కాలేదు. పురిటింటి ముందుకు రాగానే, వాన పడుతున్నా సరే, ఊపిరి ఎరగనివాడి కోసం నేసిన ఆ గొంగడిని విప్పి బయట చూరుకు తగిలిస్తుంది.

"గొంగడికి అంటు లేదు కద బాయీ, లోపటికి తెచ్చుకో. తడుస్తుంది," అంటారు ముసలవ్వలు.

"తడవనీ," అంటుంది. చేతులు తుడుచుకుని, తలుపు తోసుకుని లోపలికి పోతుంది.